రాంచీలో చేజారిన ఒలింపిక్ అవకాశం
మహిళల హాకీ అర్హతా పోటీలు ఎలా జరుగుతాయి?

కర్ర, బంతి ఎరుగని పిల్లలు మన సరిహద్దు పల్లెల్లో ఉండరు. అయితే ఆ కర్రనూ బంతినీ నమ్ముకొన్న ఆడపిల్లలు దేశం తరఫున ఒలింపిక్ క్రీడల దాకా ఏ దారిన చేరుకుంటారన్నది మాత్రం చాలా కుటుంబాలకు అంతగా తెలియని విషయం. ఝార్ఖండ్ రాజధాని రాంచీలో 2024 జనవరి 13 నుంచి 19 వరకు జరిగిన మహిళల ఒలింపిక్ అర్హతా హాకీ పోటీలను పరిశీలిస్తే, ఆ దారి ఎంత ఇరుకైనదో బోధపడుతుంది.

ఒలింపిక్స్ మహిళల హాకీలో 12 జట్లకే స్థానం ఉంటుంది. 2024 పారిస్ క్రీడలకు ఆతిథ్య దేశం ఫ్రాన్స్‌కు ఒక స్థానం దక్కింది. ఐదు ఖండాల విజేతలుగా నెదర్లాండ్స్, ఆస్ట్రేలియా, అర్జెంటీనా, దక్షిణాఫ్రికా, చైనా నేరుగా అర్హత పొందాయి. మిగిలిన ఆరు స్థానాల కోసం రాంచీలోనూ, స్పెయిన్‌లోని వాలెన్సియాలోనూ ఒకే సమయంలో రెండు పోటీలు నిర్వహించారు. ఒక్కొక్క చోట ఎనిమిది జట్లు తలపడగా, మొదటి మూడు స్థానాల్లో నిలిచినవారికే పారిస్ ప్రయాణం.

ఆసియా నుంచి నేరుగా వెళ్లే అవకాశం 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టుకు లభించింది. అక్కడ సెమీఫైనల్లో చైనా చేతిలో 0-4 తేడాతో ఓడిన భారత జట్టు కాంస్యంతో సరిపెట్టుకొంది. కనుకనే రాంచీలో ఆడక తప్పలేదు.

ఎనిమిది జట్లను రెండు వర్గాలుగా విభజించారు. ఒక దానిలో జర్మనీ, జపాన్, చిలీ, చెక్ రిపబ్లిక్. రెండవ దానిలో భారత్, అమెరికా, న్యూజిలాండ్, ఇటలీ. ప్రతి జట్టూ తన వర్గంలోని మిగిలిన మూడింటితోనూ ఆడుతుంది. గెలుపునకు మూడు పాయింట్లు, సమమైతే ఒకటి. మొదటి రెండు స్థానాలు పొందినవారు సెమీఫైనల్‌కు వెళతారు. సెమీఫైనల్ గెలిచిన రెండు జట్లకూ ఒలింపిక్ స్థానం ఖాయం. ఓడిన ఇద్దరిలో మూడవ స్థానం కోసం జరిగే ఆటలో నెగ్గినవారికి చివరి అవకాశం. సాధారణ పోటీల్లో మూడవ స్థానపు ఆటను ప్రేక్షకులు అంతగా పట్టించుకోరు. ఇక్కడ మాత్రం ఫైనల్ కంటె దానికే విలువ ఎక్కువ.

సవితా పునియా నాయకత్వంలోని భారత జట్టు తొలి ఆటలోనే అమెరికా చేతిలో 0-1తో ఓడింది. ఆపై న్యూజిలాండ్‌ను 3-1తో, ఇటలీని 5-1తో ఓడించి సెమీఫైనల్ చేరుకొంది. అక్కడ జర్మనీతో ఆట 2-2తో సమమయింది. ఆట ముగియడానికి కొద్ది నిమిషాల ముందు జర్మనీ ముందంజ వేయగా, ఇషికా చౌధరి గోలు సాధించి భారత్‌ను నిలబెట్టింది. దీంతో ఫలితం షూటౌట్‌కు వెళ్లింది.

షూటౌట్ అంటే ఏమిటో తెలుసుకోవడం అవసరం. గోలుకు ఎదురుగా 23 మీటర్ల గీత దగ్గర బంతితో ఒక్క క్రీడాకారిణి, గోలు ముందు ఒక్క గోల్‌కీపర్ మాత్రమే ఉంటారు. ఎనిమిది సెకన్లలో గోలు చేయాలి. ఒక్కొక్క జట్టుకు ఐదు ప్రయత్నాలు. అప్పటికీ సమమైతే తేడా వచ్చేవరకు కొనసాగిస్తారు. రాంచీలో జర్మనీ 4-3తో నెగ్గింది.

మరునాడే జపాన్‌తో మూడవ స్థానపు ఆట. ఆరంభంలోనే పెనాల్టీ కార్నర్ ద్వారా జపాన్ ఒక గోలు చేసింది. ఆ తరువాత ఆట ముగిసేదాకా భారత్ దానిని సమం చేయలేకపోయింది. 0-1. జర్మనీ, అమెరికా, జపాన్ పారిస్‌కు వెళ్లాయి. సొంతగడ్డపై ఆడిన జట్టు ఇంటివద్దనే ఉండిపోయింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను ఓడించి నాల్గవ స్థానం పొందిన జట్టుకు మూడేళ్లలోనే ఈ పరిస్థితి ఎదురైంది.

ఈ ఆటలో పెనాల్టీ కార్నర్ ఎంతటి ఆయుధమో కూడా గమనించాలి. గోలు ముందున్న అర్ధవలయంలో రక్షక జట్టు తప్పు చేస్తే దీనిని ఇస్తారు. గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురే గోలు గీత వెనుక నిలబడి అడ్డుకోవాలి. మిగిలినవారు మైదానం మధ్యగీత అవతల ఉండాలి. దాడి చేసే జట్టు బంతిని వలయం బయటకు తెచ్చిన తరువాతే గోలుకు కొట్టాలి. బంతిని తోయడం, ఆపడం, కొట్టడం ముగ్గురు చేసే పని. కన్నుమూసి తెరిచేలోగా అంతా ముగుస్తుంది. నెలల తరబడి సాధన చేసినవారికి కూడా ఇది ప్రతిసారీ ఫలించదు.

రాంచీ మైదానానికి 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన భారత జట్టు నాయకుడు, ఆదివాసీ నేత జైపాల్ సింగ్ ముండా పేరు పెట్టారు. జట్టులోని సలీమా టేటే, నిక్కీ ప్రధాన్ ఆ రాష్ట్రపు పల్లెబిడ్డలే. ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లా కూడా ఇలాగే ఎందరో క్రీడాకారిణులను అందించింది. మన తెలుగునేల విషయానికి వస్తే, తమిళనాడు, కర్ణాటక సరిహద్దులను ఆనుకొని ఉన్న పూర్వపు చిత్తూరు జిల్లాకు చెందిన గోల్‌కీపర్ ఎతిమరపు రజని, అదే 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన తొలి మహిళల హాకీ ఫైవ్స్ ప్రపంచకప్‌లో భారత జట్టుకు నాయకత్వం వహించింది. ఆ జట్టు ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో ఓడి రజతం పొందింది.

ఆసక్తి గల ఆడపిల్లలున్న కుటుంబాలు ఒక సంగతి తెలుసుకోవాలి. అంతర్జాతీయ హాకీ మట్టినేలపై గాక కృత్రిమ పచ్చికపై జరుగుతుంది. ఆ నేలపై బంతి వేగం వేరు, పరుగు వేరు, వంగే తీరు వేరు. పల్లెలో మట్టిపై మొదలుపెట్టిన బాలిక సకాలంలో ఆ మైదానం ఉన్న చోటుకు చేరాలి. కనుక బిడ్డను క్రీడా వసతిగృహానికి పంపదలచినవారు అక్కడ కృత్రిమ పచ్చిక ఉన్నదా, చదువు సాగుతుందా, ఆడపిల్లల బాగోగులు చూసే మహిళా సిబ్బంది ఉన్నారా అని ముందుగా విచారించుకోవడం మంచిది.

రాంచీ ఓటమితో కథ ముగియలేదు. అదే ఏడాది నవంబరులో బీహార్‌లోని రాజ్‌గిర్‌లో జరిగిన ఆసియా ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో సలీమా టేటే నాయకత్వాన భారత జట్టు, పారిస్‌లో రజతం గెలిచిన చైనాను ఓడించింది. ఆనాటి గోలు దీపికది. తేడా మళ్లీ 1-0. ఈసారి ఆ ఒక్క గోలు మన పక్షాన ఉంది.