పేరు కొంటే సొంతమవుతుందా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పటం ఒకసారి తీసి చూడండి. ‘వలస’ అనే మాటతో ముగిసే ఊళ్లు ఎన్నో కనిపిస్తాయి. ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లున్నా ఉత్తరం దారి తప్పదు. మండలం పేరు, పిన్ కోడు ఉంటాయి కదా! ఇంటర్నెట్‌లో అలా కుదరదు. అక్కడ ఒక పూర్తి చిరునామా ప్రపంచం మొత్తానికి ఒక్కటే ఉండాలి. అందుకే ఆ పేర్లకు బేరాలు, తగాదాలు, వాటిని తీర్చే నియమాలు పుట్టాయి.

ఇంతకీ ఈ పేర్లు ఎందుకు? కంప్యూటర్లు ఒకదాన్నొకటి అంకెలతో గుర్తుపడతాయి. 192.0.2.15 వంటి అంకెలు మనకు గుర్తుండవు. 1983లో అమెరికాలో పాల్ మొకాపెట్రిస్ ఇందుకొక ఉపాయం రూపొందించాడు. మనం పేరు టైపు చేస్తే చాలు, దానికి సరిపోయే అంకెలను కొన్ని ప్రత్యేక కంప్యూటర్లు వెతికి ఇస్తాయి. ఆ పేరే డొమైన్ నేమ్.

ముందు వచ్చినవారిదే పేరు

బొబ్బిలిలో పనస మానును ఏకాండిగా తొలిచి వీణలు చేసే కళాకారుడు ఒక పేరు నమోదు చేయించుకోవాలనుకున్నాడనుకుందాం. ఆ పేరు ఖాళీగా ఉంటే రుసుము కట్టి తీసుకోవచ్చు. అయితే అది భూమి కొన్నట్టు కాదు, అద్దెకు తీసుకున్నట్టు. ‘డాట్ కామ్’ పేరును ఒకేసారి 10 సంవత్సరాలకు మించి తీసుకోవడానికి వీల్లేదు. గడువులోగా మళ్లీ రుసుము కట్టాలి. కట్టకపోతే పేరు రద్దవుతుంది. రద్దయ్యాక కూడా 30 రోజులపాటు అదనపు రుసుముతో వెనక్కి తెచ్చుకోవచ్చు. అదీ దాటితే, మరో 5 రోజుల తరువాత ఎవరైనా తీసుకోవచ్చు.

అమ్మవచ్చా?

‘వీణ’, ‘మామిడి’ వంటి మామూలు మాటలను ముందుగా నమోదు చేసుకుని, తరువాత లాభానికి అమ్మడం తప్పు కాదు. కాని పేరున్న ఒక సంస్థ పేరును కావాలనే ముందుగా పట్టుకుని, ఆ సంస్థకే ఎక్కువ ధరకు అమ్మజూస్తే? 1998లో ఏర్పడిన ‘ఐకాన్’ అనే అంతర్జాతీయ సంస్థ 1999లో దీనికి నియమాలు తెచ్చింది. ఫిర్యాదు చేసినవారు మూడు విషయాలు రుజువు చేయాలి. ఆ పేరు తమ వ్యాపార చిహ్నాన్ని పోలి ఉండాలి. ఎదుటివారికి దానిపై న్యాయమైన హక్కు ఉండకూడదు. నమోదులోనూ, వాడకంలోనూ దురుద్దేశం కనిపించాలి. మూడూ రుజువైతే పేరు రద్దవుతుంది, లేదా ఫిర్యాదుదారుకు దక్కుతుంది. జరిమానా మాత్రం ఉండదు. మన ‘డాట్ ఇన్’ పేర్లను, తెలుగు లిపిలోని ‘డాట్ భారత్’ పేర్లను నిక్సీ అనే సంస్థ చూస్తుంది. ‘డాట్ ఇన్’ తగాదాలకు వేరే నియమావళి ఉంది.

సుప్రీంకోర్టు ఏమంది?

హైదరాబాదులో ఉండిన సత్యం కంప్యూటర్స్‌కు అనుబంధంగా సత్యం ఇన్ఫోవే అనే సంస్థ ఉండేది. తన పేరులోని అక్షరాలతోనే ‘సిఫీ’ అనే మాట కల్పించి, 1999 నుంచి డొమైన్ పేర్లలో వాడింది. 2001 నుంచి మరొక సంస్థ దాదాపు అదే ధ్వని గల ‘సిఫ్ఫీనెట్’ పేరు వాడసాగింది. అది తమ అయిదుగురు స్థాపకుల పేర్లలోని మొదటి అక్షరాల కూర్పు అని వాదించింది. బెంగుళూరు సివిల్ కోర్టు ఆ వాడకాన్ని ఆపమంది. కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. చివరకు 2004 మే 6న సుప్రీంకోర్టు సత్యం ఇన్ఫోవే పక్షాన తీర్పిచ్చింది. డొమైన్ పేర్ల కోసం మనకు ప్రత్యేక చట్టం లేకపోయినా, ఒకరి సరుకును మరొకరి సరుకుగా చలామణి చేయకూడదన్న పాత న్యాయసూత్రం వీటికీ వర్తిస్తుందని చెప్పింది. ఎందుకంటే, పేరు చూసి మోసపోయేది వాడుకునే ప్రజలే.

రేపు మీ పాఠశాలకో, మీ ఇంటి వ్యాపారానికో ఒక పేరు తీసుకోవలసి రావచ్చు. అప్పుడు రెండు సంగతులు మరువకండి. వెబ్‌సైటు తయారుచేసి ఇచ్చేవారి పేరు మీద కాక మీ సంస్థ పేరు మీదే నమోదు చేయించండి. గడువు తేదీని ఇద్దరు ముగ్గురైనా గుర్తుపెట్టుకునేలా రాసి ఉంచండి. ఏళ్ల తరబడి మంచిపేరు తెచ్చుకున్న చిరునామా ఒక్క మరుపుతో పరులపాలు కాకూడదు కదా!