షేరు పడ్డది సరే, నువ్వు పెట్టిన పైస ఏ పైస?

మార్కెట్ ఎర్రగైన రోజు టీవీలల్ల ఒకటే లొల్లి. మదుపరుల సంపద ఇన్ని లక్షల కోట్లు ఆవిరైందని పొద్దుందాక పట్టీ తిప్పుతరు. ఏ మదుపరి అని మాత్రం ఒక్కలు అడగరు. ముంబైల ఏసీ గదిల కూసున్న ఫండు మేనేజరూ మదుపరే, పత్తి అమ్మిన పైసలల్ల ఇరవై వేలు పక్కకు తీసి ఫోన్ల యాపు దించుకున్న మన పోరడూ మదుపరే. మేనేజర్‌కు మార్కెట్ పడ్డా నెల జీతం వస్తది. పోరనికి యాసంగి విత్తనాల పైసలు పోతయి. ఇద్దరినీ ఒక్క గాటన కట్టి "ధైర్యంగ ఉండండి, లాంగ్ టర్మ్ చూడండి" అని సలహా ఇచ్చుడు నాకైతే నచ్చదు.

2020 మార్చిల దేశం మొత్తంల డీమ్యాట్ ఖాతలు 4 కోట్ల చిల్లర ఉండె. 2024 ఆఖరుకు 18 కోట్లు దాటినయి. అంటె ఈ ఖాతాదారులల్ల చాలామంది మార్కెట్ పెరుగుడే చూసిండ్రు, పడుడు గట్టిగ చూడలే. అందుకే పడుడంటె ఏందో, ఎన్ని తీర్ల పడుతదో ముందుగాల తెల్సుకోవాలె.

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌ల జెండా పాట సంగతి మీకు తెల్సు. మంచి సరుకు ఒకటి రెండు కుప్పల కాడ పాట పాడుతరు, గా రేటు పేపర్ల వస్తది. పేపర్ చూసి మిర్చి తోలుకపోయిన రైతుకు గదే రేటు పడ్తదా? పడదు. తేమ అంటరు, తాలు అంటరు, వేరే రేటు కడ్తరు. నిఫ్టీ, సెన్సెక్స్ సుత గట్లనే అనుకోండ్రి. నిఫ్టీ అంటె 50 పెద్ద కంపెనీల లెక్క, సెన్సెక్స్ అంటె 30 కంపెనీల లెక్క. 2024 సెప్టెంబర్ 27న నిఫ్టీ 26,277 దాక ఎక్కింది. 2025 ఏప్రిల్ 7న, అమెరికా సుంకాల దెబ్బకు, ఒక దశల 22,000 కిందికి జారింది. ఆరు నెలలల్ల నూటికి పదిహేడు వంతులు. గది జెండా పాట. వాట్సాప్ గ్రూపుల ఎవడో చెప్తె నువ్వు కొన్న చిన్న కంపెనీ షేరు గంతనే పడాలని ఏం లేదు. సగానికి పడ్డయి సుత ఉన్నయి.

సగానికి పడుడంటె ఏందో ఒక్కసారి లెక్క చేయండ్రి. 100 రూపాయల షేరు 80 అయితె మళ్ల 100 కావాలంటె 25 శాతం పెరగాలె. 50 అయితె, నూటికి నూరు పెరగాలె. 20కి పడితె అయిదింతలు కావాలె. పడేటప్పటి మెట్లు, ఎక్కేటప్పటి మెట్లు ఒక్కటి కావు. యాపుల ఎర్రగ కనవడే శాతాన్ని చూసి "గంతే పెరిగితె అయిపాయె" అనుకునేటోళ్లు ఈ లెక్క కాడనే మోసపోతున్నరు.

ఇగ పడుడుల రెండు రకాలు. మార్కెట్ మొత్తం పడుడు ఒకటి, నీ కంపెనీ పడుడు ఇంకొకటి. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్క రోజుల 3,900 పాయింట్ల పైన పడ్డది. లాక్‌డౌన్ భయం. మంచి కంపెనీ, చెడ్డ కంపెనీ అన్నీ కలిసే పడ్డయి. ఆ ఏడాది నవంబర్‌కల్లా సూచీ మళ్ల పాత జాగకు వచ్చింది. గది మొదటి రకం. రెండోది మన తెలుగోళ్లకు బాగనే యాదికుండాలె. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు లెక్కలు తప్పుడువని లేఖ రాసిండు. దగ్గర దగ్గర 180 రూపాయలున్న షేరు ఆ ఒక్క రోజుల 40కి వచ్చింది. గా రోజు "పడ్డప్పుడు కొనాలె" అని పాఠం చెప్పేటోని మాట విన్నోళ్లు ఏమైండ్రు? యెస్ బ్యాంక్ షేరు 2018 ఆగస్టుల 400 దాక ఉండె. 2020 మార్చిల ఆర్‌బీఐ అడిగితె కేంద్ర సర్కారు ఆ బ్యాంకు మీద మారటోరియం పెట్టింది. 400 నుంచి 300కు దిగినప్పుడు "సగటు చేస్త" అని కొన్నోళ్లు, 200 కాడ ఇంకిన్ని కొన్నోళ్లు, 100 కాడ అప్పు చేసి కొన్నోళ్లు అందరూ అందుల్నే ఇరికిండ్రు.

సగటు చేసుడంటె 100కు ఒకటి, 50కి ఒకటి కొని, నాకు 75కే పడ్డదని ఖుషీ అయ్యుడు. మొత్తం మార్కెట్‌ను పట్టుకొని పోయే ఇండెక్స్ ఫండుల దానికి అర్థమున్నది. ఒక్క కంపెనీల, అదీ ఎందుకు పడుతున్నదో తెల్వని కంపెనీల, అది పాడైన బోరుల మళ్ల మళ్ల పైపులు దించినట్టే. నీళ్లున్నయా లేవా అని చూడకుంట ఎంత లోతు దించితె ఏం లాభం? కాబట్టి పడ్డప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న: అన్నీ పడ్డయా, నాదొక్కటే పడ్డదా?

రెండో ప్రశ్న ఇంకా గట్టిది. ఆ పైసలు ఎక్కడియి?

మన ఊర్లల్ల మిత్తి లెక్క రూపాయలల్ల చెప్తరు. నూటికి రెండు రూపాయల మిత్తి అంటె ఏడాదికి 24 శాతం. లక్ష రూపాయలు గట్ల తెచ్చి షేర్లల్ల పెట్టినవనుకో. షేరు పడి 70 వేలయింది. "ఆగితె వస్తది" అని రెండేండ్లు ఆగినవు. అప్పు 1 లక్ష 48 వేలయింది. ఇప్పుడు నీ 70 వేలు రెండింతల కంటె ఎక్కువైతె తప్ప అప్పు తీరదు. రెండేండ్లల్ల రెండింతలిచ్చే షేరు ఉండొచ్చు, అది నీ చేతులనే ఉన్నదని ఎవడు చెప్పిండు? ఓపిక పట్టు అనే సలహా సొంత పైసలున్నోనికి చెప్పే సలహా. అప్పు తెచ్చినోనికి ఓపిక నెలకు రెండు వేల ఖర్చు. నష్టానికైనా అమ్మి అప్పు కట్టుడే వానికి మేలు. గీ మాట టీవీల చెప్పరు, ఎందుకంటె టీవీ ముంగట కూసున్నోళ్లు నూటికి రెండు రూపాయల మిత్తికి ఎన్నడూ తేలే.

ఇంకో అప్పు ఉన్నది, అది అప్పని చానమందికి తెల్వదు. యాపుల "ఇప్పుడు కొను, తర్వాత కట్టు" లెక్క ఎంటీఎఫ్ అని ఒకటి ఉంటది. పావు వంతో, సగమో నీ పైసలు, మిగిలింది బ్రోకర్ ఇస్తడు, రోజుకింత మిత్తి పడ్తది. షేరు పడితె ఇంకిన్ని పైసలు కట్టమంటడు. కట్టకపోతె నీ షేర్లను వాడే అమ్మి వాని బాకీ పట్టుకుంటడు. నువ్వు ఆగుదామన్నా ఆగనియ్యడు.

ఇగ అసలు ముచ్చటకొస్త. మా దిక్కు ఒక పిలగాడున్నడు. డిగ్రీ అయిపోయింది, గ్రూప్స్‌కు చదువుతున్నడు. నోటిఫికేషన్ కోసం చూసి చూసి ఆప్షన్ల దిగిండు. ఒకనాడు వచ్చి "అన్నా, మార్కెట్ పడ్డది, మూడు లక్షలు పోయినయి, ఎప్పుడు లేస్తది?" అని అడిగిండు. "ఏం షేర్లు తమ్మీ?" అంటె "షేర్లు కాదన్నా, బ్యాంక్ నిఫ్టీ కాల్స్" అన్నడు. మార్కెట్ లేస్తె సుత ఆ పైసలు రావు. గది వానికి చెప్పేసరికి నా నోరు ఎండింది.

ఎందుకు రావో చెప్త. ప్లాటు కొంటందుకు బయానా ఇస్తం గదా, కాల్ ఆప్షన్ కొనుడు అంతనే. ఫలానా తారీఖు లోపల ధర నేననుకున్నదానికి మించి పోతె లాభం నాది, లేకుంటె బయానా పోయినట్టే. గా బయానానే ప్రీమియం అంటరు. తారీఖు దాటినంక భూమి ధర ఆకాశానికి పోయినా నీకేం రాదు. షేరు కొన్నోనికి కంపెనీల ఒక వాటా ఉంటది, పడ్డా వాటా ఉంటది. ఆప్షన్ కొన్నోనికి తారీఖు దాటినంక ఏం మిగలదు. ఆప్షన్ అమ్మినోని పని ఇంకా కష్టం. వానికి నష్టం ఎక్కడ ఆగుతదో తెల్వదు. కాబట్టి "ఇది ట్రేడింగ్, గది ఇన్వెస్ట్‌మెంట్, రెండూ మార్కెట్టే" అనే మాటను నమ్మొద్దు.

ఇది నా సొంత పైత్యం కాదు, సెబీ లెక్క. 2021-22 నుంచి 2023-24 దాక మూడేండ్లల్ల ఫ్యూచర్స్, ఆప్షన్లల్ల ఆడిన కోటి మందికి పైగ మామూలు జనంల నూటికి 93 మంది నష్టపోయిండ్రు. ఖర్చులతోని కలిపి మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల పైన. తలకు రెండు లక్షల దాక పడ్డది. ఆడేటోళ్లల్ల నూటికి 75 మందికి పైగ ఏడాది ఆమ్దానీ 5 లక్షల లోపలే అని చెప్పుకున్నోళ్లు. 30 ఏండ్ల లోపటోళ్లు 43 శాతం. 70 శాతం పైన పెద్ద నగరాల బయటోళ్లు. అంటె ఎవలు? మీరే. మీ అసుంటోళ్లే.

మరి గా పైసలు గాలికి పోయినయా? పోలే. అదే రిపోర్టుల ఉన్నది. 2023-24ల సొంత పైసలతోని ట్రేడింగ్ చేసే పెద్ద సంస్థలకు 33 వేల కోట్లు, విదేశీ ఫండ్లకు 28 వేల కోట్లు లాభం. వాటిల ఎక్కువ మటుకు మనిషి కాదు, కంప్యూటర్ ప్రోగ్రాములు సంపాయించినయి. నువ్వు సిగ్నల్ సరిగ రాని ఊర్ల ఇంటి డాబా మీద కూసొని బటన్ ఒత్తుతవు. అవతల ఎక్స్ఛేంజి పక్కనే మిషన్లు పెట్టుకున్నోడు కన్ను మూసి తెరిచే లోపల వేల ఆర్డర్లు కొడ్తడు. దీన్ని ఆట అందామా? 2025 జూలైల సెబీ, జేన్ స్ట్రీట్ అనే అమెరికా కంపెనీ బ్యాంక్ నిఫ్టీని తనకు కావాల్సినట్టు ఆడించిందని ఆరోపించి 4,843 కోట్లు జప్తుకు ఆర్డరిచ్చింది. కంపెనీ ఒప్పుకోలే, కేసుకు పోయింది. కేసు ఎట్లన్న కానీ, ఆ బల్ల కాడ ఎంత పెద్దోళ్లు కూసున్నరో తెల్సింది గదా.

లాభమొచ్చినా నష్టమొచ్చినా బ్రోకరేజీ బ్రోకర్‌కు పోతది, ఫీజు ఎక్స్ఛేంజికి పోతది, ఎస్‌టీటీ పన్ను సర్కారుకు పోతది. అందుకే దీన్ని బందు చేసుడు ఎవలకూ తొందర లేదని నా అనుమానం. 2024 నవంబర్ నుంచి కాంట్రాక్టు సైజు కనీసం 15 లక్షలకు పెంచిండ్రు, వారం వారం ఎక్స్‌పైరీలు తగ్గించిండ్రు. మంచిదే. కానీ మరుసటి రిపోర్టు చూస్తె 2024-25ల సుత నూటికి 91 మంది నష్టంలనే ఉన్నరు, మొత్తం లక్ష కోట్ల పైన పోయింది. కొలువుల నోటిఫికేషన్లు ఇయ్యకుంట, ఫోన్ల జూదం తలుపు తెరిచి పెట్టి, "రిస్కు ఉంటది, చదువుకొని సంతకం పెట్టు" అంటె బాధ్యత తీరిపోతదా?

అట్లని అన్ని పైసలూ వాపసు తీస్కొని బీరువల పెట్టుకోమని నేననడం లేదు. నెలకు వెయ్యో రెండు వేలో సిప్ కట్టేటోళ్లు మార్కెట్ పడంగనే బందు చేస్తున్నరు. 2025 జనవరిల కొత్తగ మొదలైన సిప్‌ల కంటె ఆగిపోయినవే ఎక్కువ. సిప్ పని చేసేదే పడ్డప్పుడు. యూనిట్ 50 రూపాయలున్నప్పుడు 2 వేలకు 40 యూనిట్లు వస్తయి, 40కి పడితె 50 వస్తయి. పడ్డప్పుడు ఆపి, లేసినంక మొదలుపెడ్తె పిరం కాలంల కొని అగ్గువ కాలంల ఊకున్నట్టు. అయితె అది అయిదారేండ్లు ముట్టకున్నా ఇల్లు ఆగం కాని పైస అయ్యుండాలె. వచ్చే ఏడు చెల్లె పెండ్లికి, కాలేజీ ఫీజుకు దాచిన పైస షేర్లల్ల ఉండొద్దు, ఎంత మంచి ఫండయినా సరే. "మార్కెట్ ఎప్పటికైనా లేస్తది" అనేటోళ్లకు జపాన్ సంగతి చెప్పండ్రి. 1989 డిసెంబర్‌ల నిక్కీ 38,915 దాక పోయింది. మళ్ల ఆ అంకె దాటింది 2024 ఫిబ్రవరిల. 34 ఏండ్లు.

పైసలు పోయినోన్ని వెతుక్కుంట వచ్చేటోళ్లు ఉంటరు, వాళ్లతోని పైలం. "నీ నష్టం వాపసు తెప్పిస్తం, ముందుగాల ఫీజు కట్టు" అంటరు. టెలిగ్రామ్‌ల పది లక్షల లాభం స్క్రీన్‌షాట్లు పెడ్తరు. అది బొమ్మ, ఎవలైనా చేయొచ్చు. సలహా ఇచ్చేటోనికి సెబీ రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్నదా అని సెబీ వెబ్‌సైట్ల చూడండ్రి. మోసపోతె గంట సుత ఆగకుంట 1930కి ఫోన్ కొట్టాలె. బ్రోకర్ తోని లొల్లి ఉంటె సెబీ స్కోర్స్ పోర్టల్‌ల ఫిర్యాదు పెట్టొచ్చు, దానికి పైసలు అక్కర లేదు. ఇంకోటి, చానమంది ఇడిసి పెట్టేది: నష్టమొచ్చిన ఏడు సుత గడువు లోపల ఇన్‌కం టాక్స్ రిటర్న్ వేయండ్రి. షేర్ల నష్టమైనా, ఆప్షన్ల నష్టమైనా 8 ఏండ్ల దాక ముందటి లాభాలల్ల తీసేసుకోవచ్చు. రిటర్న్ వేయకపోతె ఆ హక్కు పోతది.

అన్నిటి కంటె ముందుగాల ఇంట్ల చెప్పండ్రి. దాచినన్ని దినాలు, దాన్ని పూడ్వాలని ఇంకో అప్పు, ఇంకో ఆట. మనసు బాగ లేకుంటె, రాత్రి నిద్ర పట్టక చెడ్డ ఆలోచనలొస్తె, 14416 టెలిమానస్‌కు ఫోన్ చేయండ్రి, పైసలు పడవు, తెలుగుల మాట్లాడ్తరు.

నేను చెప్పిన పిలగాడు పెట్టిన మూడు లక్షలల్ల లక్షన్నర వాళ్లమ్మ పేరు మీద తెచ్చిన సంఘం లోను. యాపు తీసేసి ఇంట్ల చెప్పిండు. రెండు దినాలు ఆమె వానితోని మాట్లాడలే. మూడో దినం సంఘం మీటింగుల కిస్తీల ముచ్చట ఆమెనే లేవట్టింది, నెలకు ఎంతైతె కట్టగలుగుతమో చెప్పి పుస్తకంల రాపిచ్చింది. వాడిప్పుడు పొద్దుగాల డీసీఎం మీద పోతున్నడు, పొద్దుగూకినంక చదువుకుంటున్నడు.