పెరటి కోళ్ల దాణా: తడిసిన సరకుకు మారుపేరు కారాదు

మొక్కజొన్న, నూకలు, తవుడు వ్యాపారంలో ఉన్నవారు కోళ్ల దాణా అనగానే వేలకొద్దీ కోళ్లున్న ఫారాలనే లెక్కలోకి తీసుకోవడం ఆనవాయితీ. పెరట్లో పది కోళ్లు పెంచుకునే ఇంటి గిరాకీ చిల్లర బేరంగానే కనబడుతుంది. కాని 2019 నాటి 20వ పశుగణన ప్రకారం దేశంలో కోళ్లు, బాతులు వగైరా పెంపుడు పక్షులు 85.18 కోట్లు కాగా, వాటిలో 31.7 కోట్లు పెరటి పక్షులే. 2012తో పోల్చితే పెరటి పక్షులు 45.8 శాతం పెరగగా, ఫారాల పక్షులు 4.5 శాతం మాత్రమే పెరిగాయి. కనుక ఈ గిరాకీ స్వరూపం వర్తకులు తెలుసుకోదగినది.

ఎంత తింటుంది?

ఫారంలో గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. ఆరుబయట తిరిగే కోడి పురుగులు, ఆకులు, రాలిన గింజలు ఏరుకుంటుంది గనుక సాయంత్రం 30 నుంచి 50 గ్రాములు వేస్తే సాధారణంగా సరిపోతుంది. సగటున 40 గ్రాములు అనుకుంటే పది కోళ్లకు నెలకు 12 కిలోలు. అంటే 50 కిలోల బస్తా ఆ ఇంట్లో నాలుగు నెలలకు పైగా నిలవ ఉంటుంది. ఈ వ్యాపారంలోని చిక్కంతా ఇక్కడే ఉంది. ఫారంలో కొద్ది రోజుల్లో ఖర్చయ్యే సరకు పెరటిదారు ఇంట్లో వానాకాలమంతా ఒక మూల పడి ఉంటుంది.

బూజు తెచ్చే నష్టం

తడిసిన, రంగు మారిన మొక్కజొన్నను, ముక్కవాసన పట్టిన వేరుశనగ చెక్కను ‘కోళ్లకు పనికివస్తుంది’ అని తక్కువ ధరకు వదిలించుకోవడం కొన్నిచోట్ల ఉంది. ఇది పొరపాటు లెక్క. అటువంటి సరకులో పెరిగే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోగా, కారణం బ్రెజిల్ నుంచి దిగుమతి అయిన వేరుశనగ చెక్క అని తేలింది. ఈ విషాన్ని కనుగొన్నది ఆ సందర్భంలోనే.

సరకును తిరిగి ఎండబెట్టినా, తూర్పారబట్టినా బూజు కంటికి కనబడకుండా పోతుందే కాని విషం పోదు. వంట వేడికి కూడా అది పూర్తిగా నశించదు. మోతాదు తక్కువగా ఉంటే కోడి వెంటనే చావదు. కాలేయం దెబ్బతిని గుడ్లు తగ్గుతాయి, రోగనిరోధక శక్తి సన్నగిల్లుతుంది. రాణీఖేత్ తెగులుకు టీకా వేయించినా తగిన ఫలితం రాకపోవచ్చు. తెగులు సోకితే ఇంటివారికి కోళ్లన్నీ పోతాయి, వర్తకునికి ఖాతా పోతుంది.

మొక్కజొన్నలో తేమ 14 శాతం మించరాదన్న మార్కెట్ ప్రమాణం వర్తకులకు తెలిసినదే. దీర్ఘకాలం నిలవ ఉండే చిల్లర సరకుకు ఇంకా తక్కువ తేమ ఉండటం క్షేమం.

ఏ పక్షికి ఏ సరకు?

కోడిపిల్లలకు తొలి ఆరు వారాలు సుమారు 20 శాతం మాంసకృత్తులు గల దాణా కావాలి. మొక్కజొన్నలో గాని నూకల్లో గాని ఉండేది 8, 9 శాతమే. ఉత్త నూకలతో పిల్లలు ఎదగవు. సోయా చెక్క వంటిది కలపాలి. గుడ్లు పెట్టే కోడికి ఇవి గాక సున్నపు పదార్థం అవసరం. షెల్ గ్రిట్ పేర అమ్మే గుల్లల నలుసును వేరే గిన్నెలో ఉంచితే కోడి తనకు కావలసినంత తింటుంది. సున్నం ఎక్కువగా కలిపిన గుడ్ల కోళ్ల దాణాను చిన్నపిల్లలకు అమ్మరాదు. వాటి మూత్రపిండాలు చెడతాయి.

పచ్చి తవుడులో నూనె అధికం గనుక మిల్లు నుంచి వచ్చిన కొద్ది రోజులకే చెడు వాసన పట్టడం మొదలవుతుంది. నిలవకు నూనె తీసిన తవుడే మేలు. ఉప్పు పట్టిన ఎండుచేపల తుక్కు విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఉప్పు ఎక్కువైతే కోళ్లు చనిపోతాయి.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలు పల్లెల్లోకి వచ్చిన తర్వాత దాణా కొనే ఇళ్లకు నాణ్యం పట్టింపు మరింత అవసరమైంది. నాటుకోడి కన్నా ఎక్కువ గుడ్లు ఇవ్వగల ఈ రకాలు, మేత చాలకపోతే ఆ తేడా చూపలేవు.

వర్తకులు చేయదగినది

బస్తా విప్పి 5, 10 కిలోల సంచులుగా అమ్మడం, ఆడించిన తేదీ సంచిపై వేయడం, నేలకు తగలకుండా చెక్కపలకలపై నిలవ ఉంచమని కొనుగోలుదారుకు చెప్పడం – వీటికి పెట్టుబడి స్వల్పం. సంచికి, కూలికి అయ్యే ఖర్చును ధరలో చేర్చుకోవచ్చు. దెబ్బతిన్న సరకును మాత్రం దాణా లెక్కన కాక నష్టం లెక్కన రాసుకోవడమే సరైన వ్యాపారం. పది కోళ్ల ఇల్లు నెలకు కొనేది 12 కిలోలే అయినా, కోళ్లు బతికి ఉంటే ఏడాది పొడవునా కొంటుంది.