మిద్దె రాములు: ఒగ్గుకథలోని నటుడు

మిద్దె రాములు 2010లో చనిపోయినప్పుడు జానపద కళకు తీరని లోటు జరిగిందన్నారు. ఆ మాట నిజమే. కాని ‘జానపదం’ అన్న మాట చాటున ఒక సంగతి మరుగున పడుతున్నదని నాకనిపిస్తుంది. రాములు ప్రథమంగా నటుడు. నటుల గురించి మాట్లాడేటప్పుడు మన నాటక విమర్శ ఒగ్గుకథకుల దాకా రావడం అరుదు.

ఒగ్గు అంటే శివుని డమరుకం. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథలను డోలు, తాళాల మీద చెప్పడం ఒగ్గుకథ. కురుమలు, గొల్లలు తరతరాలుగా దీన్ని నిలుపుకొచ్చారు. దీనికి తెరలేదు, రంగాలంకరణ లేదు. ప్రధాన కథకుడు, వంత పాడేవాళ్లు, డోళ్లు - అంతే. భుజంమీది తువ్వాల నెత్తికి చుడితే రాజు, ముసుగేస్తే కోడలు, చేతుల్లోకి తీసుకుంటే పసిబిడ్డ. వంతవాడు ఊరికే తాన అనేవాడు కాదు. కథను అడ్డుకుంటాడు, ప్రశ్నిస్తాడు, నవ్విస్తాడు. జనం అడగదలచింది అతని నోట వస్తుంది.

ఎల్లమ్మ కథనే తీసుకుందాం. జమదగ్ని ఆజ్ఞాపిస్తాడు, పరశురాముడు తల్లి తల నరుకుతాడు. ఆజ్ఞ ఇచ్చే తండ్రి, గొడ్డలెత్తే కొడుకు, మెడ వంచే తల్లి - ముగ్గురూ ఒకే మనిషి గొంతులో నుంచి రావాలి. పాత్ర మారినప్పుడల్లా గొంతు, నడక, చూపు మారాలి; మరుక్షణమే కథకుడై జనంతో మాట్లాడాలి. దీన్ని నటన అనకపోతే మరి దేన్నంటాం? కథాంశం పితృస్వామ్యానిదే, సందేహం లేదు. అయినా కన్నీళ్లు తండ్రి ధర్మం కోసం రావు, తల్లి కోసం వస్తాయి. కథ ఒప్పుకోని న్యాయాన్ని నటన ఒప్పిస్తుంది. ఒగ్గుకథను వట్టి భక్తిగా కొట్టిపారేసేవాళ్లు చూడని వైరుధ్యమిది.

రాములు ఊరు వేములవాడ దగ్గరి హన్మాజీపేట. నేడది రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉంది. సి. నారాయణరెడ్డి పుట్టిందీ ఆ ఊళ్లోనే. ఒకరి మాట అచ్చయి 1988 జ్ఞానపీఠం దాకా వెళ్లింది. మరొకరి మాట 1990లో మారిషస్‌లో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల దాకా వెళ్లినా, నిలిచింది మాత్రం జనం చెవుల్లోనూ క్యాసెట్లలోనూ. సిరిసిల్ల మగ్గాల దగ్గర, కోరుట్ల, జగిత్యాల బీడీలు చుట్టే వాకిళ్లలో ఒగ్గుకథ పరాయి కళ కాదు. చేతులు పనిలో ఉన్నా చెవి కథలో ఉండగలదు.

ఈ నేల మీదే 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అదే ఏడు అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ప్రజల బాణీల కోసం వెదికిన జననాట్యమండలి ఒగ్గుకథనూ అందుకుంది. 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథను అందుకున్నట్టే ఇదీ జరిగింది. బాణీని తీసుకోవడం మంచిదే. కాని బాణీ వెనుక ఏళ్ల తరబడి గొంతునూ దేహాన్నీ మలచుకున్న మనిషి ఉంటాడు. అతని శిక్షణ ఏమిటి, కూలి ఎంత, ముసలితనంలో ఆధారం ఏమిటి అన్నవి కూడా సాహిత్య ప్రశ్నలే.

ఇవాళ ఊరేగింపుల్లో, ప్రభుత్వ సభల్లో ఒగ్గుడోళ్లు కనిపిస్తున్నాయి. సంతోషమే. అయితే అక్కడ పది నిమిషాల్లో విన్యాసం ముగుస్తుంది. రాత్రంతా సాగే కథకు చోటుండదు. డోలు మిగిలి కథ పోతే, ముందుగా పోయేది వంతవాడి ప్రశ్న, ఆ తర్వాత కథకుడి నటన. అప్పుడు మిగిలేది వేడుక.

అందుకని రాములుకు విగ్రహం కంటే ముందు కావలసింది ఒకటుంది. ఆయన గొంతుతో మిగిలిన ఎల్లమ్మ కథను మొదటి నుంచి చివరి దాకా, వంతవాడి ఎదురు మాటలతో సహా, ఈ ప్రాంతపు పలుకుబడి దిద్దకుండా రాసి అచ్చు వేయాలి. నటుడు ఎక్కడ ఆగాడో, ఎక్కడ గొంతు మార్చాడో పక్కన గుర్తించాలి. ఆ పాఠం చేతికొస్తే ఒగ్గు నేర్చుకునే పిల్లలకు పనికొస్తుంది, నాటకం రాసేవాళ్లకూ పనికొస్తుంది.