కంపారేటరుకు రెండు హద్దులు

చీకటి పడగానే దానంతట అదే వెలిగే దీపాన్ని మీలో కొందరు సైన్సు ప్రదర్శనకు చేసే ఉంటారు. అందులో తీర్పు చెప్పేది కంపారేటరు అనే చిన్న ఐ.సి. దాని రెండు ఇన్‌పుట్‌లకు రెండు ఓల్టేజిలు ఇస్తే, ఏది ఎక్కువో చెబుతుంది. ఒక విధంగా అది త్రాసే గదా!

ఈ త్రాసును ఎంతవరకు నమ్మవచ్చు? ఎక్కువగా వాడే ఎల్.ఎం.393 డేటాషీటు తెరిచి చూడండి. మొదటి పట్టికలో ఇన్‌పుట్ ఓల్టేజి −0.3 నుండి 36 ఓల్టులు అని ఉంటుంది. "అయితే 5 ఓల్టుల సప్లైతో నడిపేటప్పుడు 4 ఓల్టులు ఇస్తే భయమేమిటి?" అనిపిస్తుంది. కాని ఆ పట్టిక పేరేమిటో చూశారా? 'అబ్సల్యూట్ మాక్సిమమ్ రేటింగ్స్'. ఆ హద్దు దాటితే ఐ.సి. చెడిపోవచ్చునని దాని అర్థం. హద్దు లోపల సరిగా పనిచేస్తుందని అది హామీ ఇవ్వదు.

హామీ వేరే పట్టికలో ఉంటుంది. దాని పేరు 'ఇన్‌పుట్ కామన్ మోడ్ ఓల్టేజి రేంజి'. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద అది 0 నుండి, సప్లై కంటే 1.5 ఓల్టులు తక్కువ వరకు. అంటే 5 ఓల్టుల సప్లైకి 3.5 ఓల్టులే! లోపలి ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్లు పనిచేయడానికి సప్లైకి, ఇన్‌పుట్‌కు మధ్య కొంత ఓల్టేజి మిగలాలి. అందుకే ఈ తగ్గింపు. ఉష్ణోగ్రత మారే చోట 2 ఓల్టులు వదలాలి. మన వేసవికి అదే క్షేమం.

ఇప్పుడు ఒక ఇన్‌పుట్‌కు 4, రెండవదానికి 4.2 ఓల్టులు ఇచ్చామనుకోండి. ఐ.సి. చెడదు, కాని జవాబును నమ్మలేం. త్రాసును మరీ కిందుగా పట్టుకుంటే పళ్ళాలు రెండూ నేలకు ఆనుతాయి. త్రాసు విరగదు, బరువు మాత్రం తేలదు. ఇదీ అంతే. అయితే ఒక ఇన్‌పుట్ 2 ఓల్టుల వద్ద, రెండవది 4.2 వద్ద ఉంటే ఎల్.ఎం.393 సరిగానే చెబుతుంది. రెండింటిలో ఒకటి హద్దులో ఉంటే చాలు.

సున్నాకు దిగువన ఈ వెసులుబాటు లేదు. −0.3 ఓల్టులు దాటితే లోపల అనవసరమైన దారిలో కరెంటు ప్రవహించి, జవాబు తలక్రిందులు కావచ్చు.

కాబట్టి మీ దీపం మొండికేస్తే ఐ.సి.ని వెంటనే పారవేయకండి. ముందు రెండు ఇన్‌పుట్‌లనూ మీటరుతో కొలవండి. సమానమైన రెండు రెసిస్టర్లతో సప్లైలో సగాన్ని, అంటే 2.5 ఓల్టులను, ఒక ఇన్‌పుట్‌కు ఇస్తే చిక్కే ఉండదు.

ఇక మీకొక ప్రశ్న. సప్లై 9 ఓల్టులు. ఇన్‌పుట్‌లు మొదట 6, 8 ఓల్టులు. తరువాత 8, 8.5 ఓల్టులు. ఏ జవాబును నమ్ముతారు? ఎందుకు?