సునామీ ముంపు మోడళ్ళ విశ్వసనీయత: ఉత్తరాంధ్ర తీరంలో పరీక్షించే తీరు

2004 డిసెంబరు 26 ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా పశ్చిమ తీరం వద్ద 9.1 తీవ్రతతో భూకంపం సంభవించింది. దాని వల్ల పుట్టిన సునామీ సుమారు రెండున్నర గంటలలో ఆంధ్ర తీరాన్ని తాకింది. విశాఖపట్నం ఓడరేవులోని టైడ్ గేజ్ ఆ అలల హెచ్చుతగ్గులను నమోదు చేసింది. మోడల్ లెక్కించిన అల గేజ్ నమోదు చేసిన అలతో సరిపోతే ఆ మోడల్ నమ్మదగినదని భావించడం పరిపాటి. అయితే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విస్తరణ శాస్త్రవేత్తకు కావలసిన సమాధానం వేరు. కళింగపట్నం వద్ద వంశధార మొగ గుండా ఉప్పునీరు ఎంత దూరం ఎగువకు పోతుంది, సోంపేట బీల భూములలో ఎక్కడి వరకు నిలుస్తుంది, కోనాడ వద్ద చంపావతి ఒడ్డున ఏ పొలాలు మునుగుతాయి అన్నవి ఆయన ప్రశ్నలు. గేజ్‌తో కుదిరిన మోడల్ ఈ ప్రశ్నలకు కూడా సరిగా జవాబు చెప్పగలదని ముందుగా అనుకోవడానికి ఆధారం లేదు.

సునామీ మోడల్‌లో మూడు భాగాలు ఉంటాయి. భూకంపం వల్ల సముద్రగర్భం ఎంత లేచింది, ఎంత కుంగింది అన్న అంచనా మొదటిది. ఆ కదలిక వల్ల పుట్టిన అల సముద్రంలో ప్రయాణించడం రెండవది. అల నేలపైకి ఎక్కి పారడం మూడవది. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) 2007 నుంచి సునామీ హెచ్చరికలు జారీ చేస్తోంది. అక్కడ జపాన్‌లో రూపొందిన టునామి ఎన్2 మోడల్‌ను హిందూ మహాసముద్రానికి అన్వయించి, సంభవించగల అనేక భూకంపాలకు ఫలితాలను ముందే లెక్కించి భద్రపరిచారు. హెచ్చరికకు ప్రధానంగా మొదటి రెండు భాగాలు చాలు. పంట పొలానికి మూడవది కావాలి.

మోడల్ గణితాన్ని పరీక్షించే పద్ధతులు బాగా స్థిరపడ్డాయి. ఏటవాలు ఒడ్డుపైకి ఒంటరి అల ఎంత ఎత్తు ఎక్కుతుందో సినొలాకిస్ 1987లో గణిత సూత్రంగా చూపారు. మోడల్ ఫలితం దానితో కలవాలి. తరువాత ప్రయోగశాల తొట్టెలో శంఖాకార దీవి చుట్టూ తిరిగే అలను మోడల్ అనుకరించాలి. 1993లో జపాన్‌లోని ఒకుషిరి దీవిలో, మొనాయ్ అనే చిన్న లోయ వద్ద సునామీ 30 మీటర్లకు పైగా ఎగిసింది. ఆ లోయను 1:400 కొలతలో తొట్టెలో నిర్మించి సేకరించిన వివరాలు నేటికీ ప్రామాణిక పరీక్షగా ఉన్నాయి. ఇవన్నీ దాటిన మోడల్ సమీకరణాలను తప్పు లేకుండా సాధిస్తున్నదని తెలుస్తుంది. ఉద్దానం నేల గురించి దానికి ఏమి తెలుసో మాత్రం తెలియదు.

సముద్ర ప్రయాణానికి కూడా ఆధారాలు ఉన్నాయి. 2004లో భూకంపం తరువాత సుమారు రెండు గంటలకు జేసన్-1 ఉపగ్రహం బంగాళాఖాతం మీదుగా పోతూ నడిసముద్రంలో సునామీ ఎత్తును కొలిచింది. ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన చిక్కు ఒకటి ఉంది. భూకంప మూలాన్ని అంచనా వేయడానికే అనేక పరిశోధనలలో టైడ్ గేజ్ నమోదులను వాడతారు. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ వద్ద వచ్చిన భూకంప తీవ్రత 7.9 అని 2003లో నిర్ణయించినది బంగాళాఖాతం చుట్టూ ఉన్న గేజ్‌ల పాత నమోదుల ఆధారంగానే. ఏ నమోదుతో మూలాన్ని సవరించారో అదే నమోదుతో మోడల్ సరిపోయిందని చూపడం పరీక్ష కాదు. ప్రశ్నపత్రం ముందే చూసిన విద్యార్థికి వచ్చిన మార్కుల వంటిది అది. వ్యాసాలు చదివేటప్పుడు సవరణకు ఏ గేజ్, పరీక్షకు ఏ గేజ్ వాడారో విడిగా చూడాలి.

నేల ఎత్తు: అసలు బలహీనత

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్లు, విజయనగరానికి 28 కిలోమీటర్ల తీరం ఉంది. ఇంత పొడవునా నేల మట్టాల కోసం చాలా అధ్యయనాలు ఉచితంగా లభించే ఉపగ్రహ ఎత్తుల పటాలపై ఆధారపడతాయి. వాటిలో ఎక్కువగా వాడేది 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌకలోని రాడార్ సేకరించిన ఎస్‌ఆర్‌టీఎం పటం. రాడార్ కిరణం చెట్ల ఆకుల గుబురులో కొంత లోతుకు మాత్రమే చొచ్చుకుపోతుంది. కనుక కొబ్బరి, జీడిమామిడి, సరుగుడు తోపులు దట్టంగా ఉన్న చోట పటం చూపే ఎత్తు నేలదీ కాదు, చెట్టు కొనదీ కాదు. రెంటికీ నడుమ ఎక్కడో ఉంటుంది. ఫలితంగా కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు తోటలు కంప్యూటర్‌కు గట్టు వలె కనిపించే ప్రమాదం ఉంది. మోడల్ ఆ లేని గట్టు ముందే నీటిని ఆపివేస్తుంది, తోట పటంలో సురక్షితమైపోతుంది.

ఈ దోషం ఎంత దూరం పాకుతుందో చిన్న లెక్కతో చూడవచ్చు. నేల ప్రతి 500 మీటర్లకు ఒక మీటరు చొప్పున లేస్తున్న చోట, ఎత్తులో ఒక మీటరు తప్పు ముంపు హద్దును దాదాపు అర కిలోమీటరు జరుపుతుంది. నదీ మొగల వద్ద, ఉప్పుటేరుల పక్కన, నౌపడా ఉప్పు మడుల వంటి చదును నేలపై ఇంకా ఎక్కువ జరుగుతుంది. తీరం వెంట ఉన్న ఇసుక దిబ్బల సంగతి మరొకటి. 30 మీటర్ల గడిలో సన్నని దిబ్బ సగటులో కరిగిపోతుంది. పడవలు లాగడానికి, ఇసుక తవ్వడానికి దిబ్బలో ఏర్పడిన గండి అసలే కనిపించదు. నీరు ముందుగా ప్రవేశించేది ఆ గండి గుండానే.

రెండవ అనిశ్చితి నేల గరుకుదనం. నీటి వేగాన్ని తగ్గించే ఈ నిరోధాన్ని మానింగ్ గుణకంతో సూచిస్తారు. సముద్రగర్భానికి సాధారణంగా 0.025 తీసుకుంటారు. అదే విలువను ఒడ్డున ఉన్న తోటకు, వరి మడికి, రొయ్యల చెరువు గట్లకు కూడా వర్తింపజేసిన పటాన్ని జాగ్రత్తగా చూడాలి. ఈ విలువ స్థిరం కూడా కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరిని నేలకూల్చింది. అంతకుముందు చెట్ల సాంద్రతతో నిర్ణయించిన గుణకం ఆ తరువాతి తోటకు పనికిరాదు. విచిత్రమేమంటే, కూలిన చెట్లు 2000 నాటి ఎత్తుల పటంలో ఇంకా నిలిచే ఉన్నాయి.

ముంపు హద్దును కొలిచి పోల్చడం

ముంపు పటాన్ని పరీక్షించడానికి మొత్తం విస్తీర్ణం పోల్చితే సరిపోదు. వాస్తవంగా 100 హెక్టార్లు మునిగిందని, మోడల్ కూడా 100 హెక్టార్లే చూపిందని అనుకుందాం. రెండింటిలోనూ ఉమ్మడిగా ఉన్నది 60 హెక్టార్లే అయితే, మొత్తం 140 హెక్టార్లలో 60, అంటే 43 శాతమే కుదిరింది. 40 హెక్టార్లు హెచ్చరిక లేకుండా మునిగాయి, మరో 40 హెక్టార్లు అనవసరంగా పటంలో చేరాయి. ఈ రెండు తప్పుల వెల సమానం కాదు. నీటి ఎత్తులకైతే జపాన్‌లో ఐదా సూచించిన కొలత వాడుకలో ఉంది: కొలిచిన ఎత్తును లెక్కించిన ఎత్తుతో భాగించగా వచ్చే నిష్పత్తుల గుణ సగటు 0.95కు, 1.05కు మధ్య ఉండాలి. వాటి చెదురుదనాన్ని చూపే రెండవ సంఖ్య 1.45కు లోబడాలి. సగటు ఒక్కటే చెప్పి చెదురుదనం దాచిన నివేదిక అసంపూర్ణం.

ఈ పోలికకు నేలపై తీసిన కొలతలు కావాలి. 2004 సునామీ తరువాత అంతర్జాతీయ బృందం నాటి ప్రకాశం జిల్లా వాడరేవు నుంచి దక్షిణాన తమిళనాడు తీరం వరకు నీటి గుర్తులు కొలిచింది. వాడరేవుకు ఎంతో ఉత్తరాన ఉన్న శ్రీకాకుళానికి ఆ కొలతలు వర్తించవు. ఆలస్యంగా వెళ్ళినవారు ఇసుక మేటను బట్టి హద్దు గీయాలనుకుంటే అందులోనూ పొరపాటుకు తావుంది. 2011లో జపాన్‌లోని సెండాయ్ మైదానంలో నీరు సుమారు 5 కిలోమీటర్లు లోపలికి వచ్చింది, కాని ఇసుక మేట అంతకు చాలా ముందే ఆగిపోయింది. ఆ పైన పలుచని బురద, ఉప్పు మాత్రమే మిగిలాయి. అక్కడ ప్రమాదం లేదని పటాలు చూపిన ప్రాంతాలు కూడా మునిగాయి, జపాన్ మొత్తం మీద 20 వేల హెక్టార్లకు మించిన సాగుభూమి ఉప్పునీటి పాలైంది.

ఉప్పు హద్దును పట్టగలిగినది మట్టి పరీక్ష. తీరానికి లంబంగా గీసిన గీతల వెంట పైపొర మట్టి నమూనాలు తీసి విద్యుత్ వాహకతను కొలిస్తే, ఇసుక చెప్పని హద్దు తెలుస్తుంది. అయితే ముంపుకు పూర్వపు విలువలు లేకపోతే, పాత చౌడును కొత్త ఉప్పుగా భ్రమపడే అవకాశం ఉంది. బావి నీటికీ ఇదే వర్తిస్తుంది. కాబట్టి భావనపాడు, బారువ, కళింగపట్నం, కోనాడ పరిసరాలలో ఈ గీతలను ముందే ఎంచుకుని, అక్కడి మట్టి, బావి నీటి విలువలను, తోపుల లోపల లెవెలింగ్ పరికరంతో గానీ డీజీపీఎస్‌తో గానీ కొలిచిన నేల మట్టాలను, దిబ్బల గండ్లను నమోదు చేసి ఉంచాలి. తోపులోని నేల మట్టాలతో ఎత్తుల పటాన్ని ఇప్పుడే సరిదిద్దవచ్చు. అందుకు సునామీ రానవసరం లేదు.

తుపాను ఉప్పెన గుర్తులతో మోడల్‌ను పరీక్షించాలన్న ఆలోచన సహజమే. ఉప్పెన గంటల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది, సునామీ అల పదుల నిమిషాలలో వచ్చి వెనుదిరుగుతుంది. పైగా తుపానుతో పాటు వాన నీరు, నది వరద కలుస్తాయి. అందువల్ల ఉప్పెన గుర్తు పల్లాలు ఎక్కడున్నాయో, నీరు ఏ దారిన చేరుతుందో సరిచూడటానికి పనికివస్తుంది. సునామీ నీటి వేగాన్ని గానీ, మానింగ్ గుణకాన్ని గానీ దాని నుంచి నిర్ణయించడం సరికాదు.