కడలి కాపలాకు మన ఆడపిల్లలు

ఇంట్లో ఇంటర్ చదివే పిల్ల ఉంటే చాలు, ఇంజనీరింగా, డాక్టరా అనే అడుగుతారు అందరూ. యూనిఫారం వేసుకుని ఓడ మీద నిలబడే ఉద్యోగం కూడా ఒకటుందని మనకు తట్టనే తట్టదు. అదే కోస్ట్ గార్డ్, అంటే తీర రక్షక దళం.

ఎర్రగడ్డలో ఉండే మనకు సముద్రంతో పనేమిటంటారా? ఆదివారం పూట మనం కొనే వంజరం, చందువా ఎవరో మత్స్యకారుడు ప్రాణాలకు తెగించి తెచ్చినవే కదా! నడిసముద్రంలో అతనికి ఆపద వస్తే ఆదుకునేది వీళ్ళే.

నేవీ, కోస్ట్ గార్డ్ ఒకటేనని చాలామంది అనుకుంటారు. కానే కాదు. రెండూ రక్షణ శాఖ కిందివే అయినా నేవీ ముఖ్యంగా యుద్ధానికి, కోస్ట్ గార్డ్ రోజువారీ కాపలాకు. 1977 ఫిబ్రవరి 1న మొదలైన ఈ దళానికి 1978లో చట్టం వచ్చింది. "వయం రక్షామః", అంటే మేం రక్షిస్తాం అన్నది వీరి నినాదం. తుఫాను ముందు పడవలను ఒడ్డుకు పిలవడం, దొంగరవాణా పట్టుకోవడం, నీళ్ళలో ఒలికిన చమురు తొలగించడం, ఒడిశా తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ళను కాపాడటం, అన్నీ వీరి పనులే. సముద్రంలో ఆపదకు ఫోన్ నంబరు 1554.

2019 ఆగస్టు 12న విశాఖ దగ్గర కోస్టల్ జాగ్వార్ అనే ఓడకు నిప్పంటుకుంటే 29 మంది నీళ్ళలోకి దూకేశారు. వారిలో 28 మందిని కాపాడింది కోస్ట్ గార్డ్ ఓడ రాణీ రాష్మణి. ఈ ఓడను కట్టింది మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులోనే. ఆ పేరుగల కలకత్తా జమీందారిణి జాలరుల మీద పన్ను వేసిన తెల్లవాళ్ళను ఎదిరించిందని చెబుతారు. పేరుకు తగ్గ పనే చేసింది ఓడ!

ఇక ఉద్యోగాల సంగతి. ఆఫీసరుగా చేరితే మొదటి హోదా అసిస్టెంట్ కమాండెంట్. మూల వేతనం 56,100 రూపాయలు. జనరల్ డ్యూటీకి డిగ్రీతో పాటు ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ ఉండాలి. శిక్షణ కేరళలోని ఎళిమలలో. నావిక్ జనరల్ డ్యూటీకి ఇంటర్ చాలు, వంట, వడ్డన చూసే డొమెస్టిక్ బ్రాంచికి పదో తరగతి. అయితే నావిక్ ప్రకటనలు ఏళ్ళ తరబడి మగపిల్లలకే వచ్చాయి. కాబట్టి ఆడపిల్లలు ఆఫీసరు దారి మీదే గురి పెట్టడం మంచిది.

ఆ దారిలోనూ ఒక చిక్కుంది. షార్ట్ సర్వీసులో 14 ఏళ్ళు పనిచేసిన పైలట్ ప్రియాంకా త్యాగి, మగవాళ్ళలా తనకూ శాశ్వత ఉద్యోగం కావాలని కోర్టుకెక్కింది. ఆడవాళ్ళను ఇలా వదిలేయడం కుదరదని 2024లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పి, ఆమెను కొనసాగించమంది. నలభై ఏళ్ళకు చేరువలో ఇంటికి పంపేస్తే పిల్లల చదువులు, ఇంటి అప్పు ఏం కావాలి? అందుకే చేరే ముందే సర్వీసు ఎన్నాళ్ళో, పింఛను ఉందో లేదో చదువుకోవాలి.

పిల్లకు ఇష్టముంటే ఇప్పటినుంచే ఈత నేర్పించండి, కళ్ళు పరీక్ష చేయించండి, లెక్కలు వదలనివ్వకండి. ఉద్యోగం ఇప్పిస్తామనే దళారులకు పైసా ఇవ్వకండి. "ఆడపిల్లకి ఓడలెందుకే?" అని మాత్రం అనకండి!